జ్వరానికి కూర్చున్న పక్షి

మా రామలక్ష్మక్కను మోసం చేయడం కష్టమేమీ కాదు. ఆమెకు మనుషుల మీద అనుమానం రాదు. సంతలో ఎవడైనా పుచ్చు వంకాయలు అంటగడితే, "పాపం, వాడూ చూసుకోలేదేమో" అంటూ ఇంటికి తెచ్చుకొని, పుచ్చు తీసేసి కూర వండుతుంది. అట్లాంటి మనిషిని మోసం చేయడానికి తెలివితేటలు అక్కర్లేదు, మనసొప్పితే చాలు. ఎవరికి మనసొప్పిందో చెప్తాను. చెప్పకుండా కడుపులో దాచుకునే గుణం నాకు లేదు.

నా పేరు శశికళ. చాకవేలుకు దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. రామలక్ష్మక్కది మా పక్కిల్లు. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. మజ్జిగ తోడూ, కరివేపాకూ, కబుర్లూ దాని మీదుగానే అటూ ఇటూ పోతుంటాయి. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. గూళూరు నుంచి పదిహేడో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చింది. మొగుడు గోవిందప్ప నోట్లో నాలుక లేని మనిషి. అన్నం తిన్నావా అన్నా అని అడిగితే తలాడించడానికి కూడా కాసేపు ఆలోచిస్తాడు. రెండెకరాల మల్బరీ తోట, ఒక బోరు, ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు. ముప్పై ఏళ్ళుగా ఆమె బతుకంతా ఆ షెడ్డులోనే గడిచింది.

పురుగుల్ని సాకేవాళ్ళకు రజా, అంటే సెలవు, ఉండదు. బంధువుల పెళ్ళికి పోయినా తలంబ్రాలు పడగానే చేతులు కడుక్కొని బస్సెక్కాలి. ఆకు వేళ తప్పితే పంట చెడుతుంది. ఇంత పని మధ్యలో ఆమె ఒక పిల్లను కూడా పెంచింది. సొంత పిల్లలు లేరు. తోబుట్టువు చనిపోతే, ఆమె కూతురు ప్రతిమను ఏడేళ్ళప్పుడు తెచ్చుకుంది. ఆ పెంపకం నేను కళ్ళారా చూశాను. పురుగులు విరగబడి మేసే రోజుల్లో, ఊపిరి తీసుకునే తీరిక లేనప్పుడు కూడా, రెండు జడలు బిగించి వేసి, రిబ్బను పువ్వులా కట్టి బడికి పంపేది. బాగేపల్లిలో హైస్కూలు, చింతామణిలో డిగ్రీ చదివించింది. తర్వాత చిక్కబళ్ళాపురం సంబంధం కుదిరింది. ప్రతిమ ఒక ఆఫీసులో, మొగుడు నాగరాజ్ ఇంకో ఆఫీసులో.

రోజూ సాయంత్రం ఆరింటికి ప్రతిమ ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ రాకుంటే అక్క పొయ్యి వెలిగించదు. ఏ సందేహం వచ్చినా ప్రతిమనే అడుగుతుంది. బోరు మోటారు కాలిపోయినా ప్రతిమనే, నాకు మోకాళ్ళు పట్టేసినా ప్రతిమనే. "సైన్సు చదివింది గదా మా పాప" అంటుంది. ఆ పాప చిక్కబళ్ళాపురంలో ఉండే ఇంటిని మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. పురుగులు వదిలితే గదా.

మొన్న మాఘమాసంలో ఒకనాడు పొద్దు పొడిచే వేళ ఆమె ఆకు కోయడానికి తోటకు పోయింది. సాలు చివర నేల మీద ఒక పక్షి కనపడింది. పావురం కంటే చిన్నది. బూడిద రంగు ఒళ్ళు, నెత్తిన పసుపు కుచ్చు, బుగ్గల మీద నారింజ రంగు చుక్కలు. రొమ్ము మీద, రెక్కల కింద ఒక్క ఈక లేదు. చేయి చాపితే బెదరకుండా వేలి మీదికెక్కి కూర్చుంది. కాలికి చిన్న రింగు ఉంది కాబట్టి ఎవరో పెంచిన పక్షేనని తెలిసింది. ఆకు గంపలో పెట్టి, కొంగు కప్పి ఇంటికి తెచ్చి, గోడ మీదుగా నన్ను కేకేసింది.

"శశీ, ఇట్ల రావే. ఏం పక్షే ఇది? మన పక్కదైతే కాదు."

నేను ఫోన్లో ఫోటో తీసి వెతికాను. "కాకటీల్ అంటక్కా. ఆస్ట్రేలియా పక్షంట. ఇండ్లల్లో పెంచుకుంటారంట."

"ఆస్ట్రేలియా నుంచి మన తోట దాకా ఎట్లొచ్చిందే తల్లీ, ఒంటి మింద గుడ్డ గూడా లేకుండా!"

మేం నవ్వుతుంటే ఆ పక్షి ఉన్న నాలుగు ఈకలూ ఉబ్బించుకొని, కళ్ళు సగం మూసి, కదలకుండా కూర్చుంది. ఒక చిన్న ఈక రాలి గంపలో పడింది. అక్క దాన్ని పరీక్షగా చూసి, "జ్వరానికి కూర్చోనుండాదే" అంది.

ఈ మాట పురుగులు సాకనివాళ్ళకు తెలియదు. పట్టుపురుగు తన బతుకులో నాలుగుసార్లు పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కుంటుంది. దాన్ని మా దిక్కున జ్వరం అంటాం. జ్వరానికి కూర్చున్న పురుగు తల పైకెత్తి, కదలక మెదలక ఉంటుంది. అప్పుడు దానికి మేత వేయకూడదు, తాకకూడదు, చప్పుడు చేయకూడదు. పైన పలచగా సున్నం పొడి చల్లి వదిలేయాలి. జ్వరం లేచాక అదే కొత్త ఒంటితో ఆకు కోసం తల తిప్పుతుంది. ముప్పై ఏళ్ళుగా అక్క కొన్ని లక్షల ప్రాణాలను అట్లా పస్తు పెట్టే బతికించింది. పాత ఈకలు రాల్చి కదలకుండా కూర్చున్న ప్రాణిని చూస్తే ఆమెకు ఇంకేం తోస్తుంది?

అయినా తన తెలివి మీదే నమ్మకం పెట్టుకోలేదు. అప్పుడే ప్రతిమకు ఫోన్ కలపమంది. నేను కలిపి స్పీకరు పెట్టాను.

"పాపా, తోటలో ఒక పక్షి దొరికిందే. కుచ్చు పక్షి. ఈకలన్నీ రాలిపోయినాయి. మన పురుగులు జ్వరానికి కూర్చున్నట్టే కూర్చోనుండాది. మేత ఆపేసి, రోంత సున్నం చల్లి, గుడ్డ కప్పి పెడదామనుకుంటాండా. చేయొచ్చు గదా?"

అటు నుంచి చాలాసేపు మాట రాలేదు. లైను తెగిందేమోనని నేను ఫోన్ చూశాను. తెగలేదు.

"పాపా?"

"ఊఁ" అంది ప్రతిమ. "నీకు తెలిసినట్టు చేయి చిన్నమ్మా. పక్షుల గురించి నాకేం తెల్సు?"

"అట్లయితే మేత ఆపేస్తా."

"ఊఁ."

నేనూ పక్కనే ఉన్నాను. నేనైనా వద్దనాల్సింది. కానీ నేను పుట్టి పెరిగిందీ పురుగుల ఇంట్లోనే, నాకూ అది జ్వరంలాగే కనపడింది. ఆ తప్పులో నాకూ పాలుంది. ఒప్పుకుంటాను.

ఒక పగలూ ఒక రాత్రీ ఆ పక్షి గుడ్డ కింద, మేత లేకుండా, బోసి రొమ్ము మీద సున్నంతో ఉంది. మర్నాడు పొద్దున అక్క గుడ్డ తీసి పెట్టిన కేకకు నేను చేతిలో చీపురు అట్లే వదిలేసి పరుగెత్తాను. పక్షి గంప అడుగున పక్కకు ఒరిగిపోయి ఉంది. రొమ్మంతా ఎర్రగా కందిపోయి, అక్కడక్కడా పొక్కింది. అక్క గోరువెచ్చని నీళ్ళతో సున్నం కడిగింది. దూదితో చక్కెర నీళ్ళు బొట్టు బొట్టుగా నోట్లో వేసింది.

"నా చేత్తో నేనే కాల్చినా గదే శశీ! ఆకలితో నా వేలెక్కిందానికి గింజ పెట్టక సున్నం పెడితినే!"

మొదటి బస్సుకు చింతామణి పోయాం. పశువుల ఆస్పత్రిలో డాక్టర్ అమరేష్ మంచివాడు. "నేను ఆవులూ గొర్రెలూ చూసేవాణ్ణమ్మా, ఈ పక్షుల సంగతి నాకంతగా రాదు" అని దాపరికం లేకుండా చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, బెంగళూరులో పక్షుల వైద్యం చేసే తన స్నేహితురాలికి వీడియో కాల్ చేసి చూపించాడు. ఆమె రొమ్మూ రెక్కలూ తిప్పి తిప్పి చూపమంది. ఆ తర్వాత కన్నడంలో చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. ఇది జ్వరమూ కాదు, అంటురోగమూ కాదు. ఈకలు రాలడం లేదు, పక్షే పీక్కుంటోంది. మనుషుల మధ్య పెరిగిన పక్షి ఇది, ఎవరో పొద్దంతా ఒంటరిగా పెట్టి తాళం వేసుకొని పోతుంటారు, ఆ దిగులుకు తన ఒంటి ఈకలు తనే పెరుక్కుంటుంది. కాలిన చోటికి మందు రాయండి, గింజలు పెట్టండి, అన్నిటికంటే ముందు దాన్ని ఒంటరిగా వదలకండి. ఇదీ ఆమె చెప్పింది.

బస్సులో వస్తూ అక్క తన నోట ఎన్నడూ రాని మాటలన్నీ ఆ కనపడని మనుషుల్ని అంది. వాళ్ళ చేతులు పడిపోవాలంది. వాళ్ళింట్లో మాట్లాడే దిక్కు లేకుండా పోవాలంది. సాయంత్రం ఆరింటికి ఫోన్ వస్తే ఆ శాపాలన్నీ మళ్ళీ మొదటి నుంచి ప్రతిమకు వినిపించింది.

"తన ఈకలు తనే పీక్కుండేంత దుఃఖం పెట్టినారే పాపా! వాళ్ళు మనుషులేనంటావా?"

"నాకు పనుండాది చిన్నమ్మా, రేపు చేస్తా" అని ప్రతిమ పెట్టేసింది.

ఆ తర్వాత నాలుగు నెలలు అక్క ఆ పక్షిని ఎట్లా సాకిందో చెప్తే కథలంటారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చింది కాబట్టి గోవిందప్పన్న దానికి దొర అని పేరు పెట్టాడు. పాత చంద్రికను, అంటే పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టను, గోడకు ఆనించి, కిటికీలకు కొట్టే ఈగల వల చుట్టూ బిగించి పంజరం చేశాడు. అది పడుకోవడానికే. పొద్దంతా దొర అక్క భుజం మీదే. ఆకు కోసినా, అంట్లు తోమినా, నాతో గోడ దగ్గర నిలబడి ఊరి మంచిచెడ్డలు మాట్లాడినా భుజం మీదే. నానబెట్టిన కొర్రలు, సజ్జలు, లేత మునగాకు దాని భోజనం. ఎండెక్కాక పళ్ళెంలో నీళ్ళు పోసి దానికి స్నానం. పురుగుల షెడ్డులోకి మాత్రం రానిచ్చేది కాదు. ఈకల దుమ్ము పురుగులకు చెడుపు చేస్తుందని ఆమె భయం. అందుకని షెడ్డులోకి పోయే ప్రతిసారీ పక్షిని గోవిందప్పన్న భుజానికి మార్చి, స్నానం చేసి, చీర మార్చుకొని పోయేది. రోజుకు నాలుగుసార్లు ఆకు వేయాలి. నాలుగుసార్లూ స్నానమే. నేనైతే రెండో నాడే ఆ పక్షిని ఎవరికైనా ఇచ్చేసేదాన్ని.

గోవిందప్పన్న మాట్లాడటం మొదలుపెట్టింది కూడా అప్పుడే. బోరులో నీళ్ళు తగ్గాయని పెళ్ళాం కంటే ముందు దొరకే చెప్పాడు. ముప్పై ఏళ్ళ పొరుగున నేను ఆయన నోట వినని మాటలు ఆ నాలుగు నెలల్లో విన్నాను.

అయితే అక్క మాత్రం ఒకటి మర్చిపోలేదు. రోజూ మందు రాసేటప్పుడు దాని రొమ్ము చూసి కళ్ళు తుడుచుకునేది. పొక్కులు మానినా, మచ్చలు పోయినా, చూసేది, తుడుచుకునేది. "నేను చేసిన పాపం" అని ప్రతిమకు ఫోన్లో చెప్పేది. వద్దక్కా, తెలియక చేసిన దానికి పాపం ఉండదు అని నేనంటే వినేది కాదు.

రెండో నెలలో దొర ఈల వేసింది. నాలుగైదు స్వరాల చిన్న ట్యూను, మళ్ళీ మళ్ళీ అదే. సాయంత్రమైతే చాలు, వీధి గుమ్మం వైపు తిరిగి అదే ఈల. మా అంగన్‌వాడీ పిల్లలు కూడా నేర్చుకున్నారు. ఎక్కడో విన్నట్టే ఉంది గానీ అది ఏ పాటో మాలో ఎవరికీ అందలేదు. రొమ్ము మీద ముళ్ళలాగా కొత్త ఈకలు పొడుచుకొచ్చాయి. అవి విచ్చుకుని మెత్తగా పరుచుకున్నాయి. నేను ఫోటోలు తీసి ప్రతిమకు పంపేదాన్ని. మొదట్లో ఆమె ఏమీ అనేది కాదు. ఈకలు నిండే కొద్దీ, "ఇంకో ఫోటో పంపు అత్తా, రొమ్ము బాగా కనపడేటట్టు తీయి" అని అడగసాగింది. చిన్నమ్మ సంతోషం చూసి సంతోషపడుతోందనుకున్నాను. నా తెలివి అంతే మరి.

ప్రతిమ మామూలుగా రెండు నెలలకొకసారి బస్సులో వచ్చిపోతుంది. ఈ నాలుగు నెలల్లో మాత్రం ఒక్కసారీ రాలేదు, ఆఫీసులో రజా ఇవ్వడం లేదంది. జ్యేష్ఠంలో ఒక ఆదివారం, చెప్పా పెట్టకుండా మొగుడితో కలిసి కారులో వచ్చింది. ఆ కారు మా ఊరికి రావడం అదే మొదలు, లేదా మేం అట్లా అనుకున్నాం. అక్క పొంగిపోయి పొయ్యి మీద ఎసరు పెట్టింది. మా సందు ఇరుకు. నాగరాజ్ ప్రతిమను దింపి, కారును వెనక్కి తీయసాగాడు.

వెనక్కి తీసేటప్పుడు పాట పాడే కార్లుంటాయి చూడండి, అట్లాంటిదే అది. నాలుగైదు స్వరాల ట్యూను, మళ్ళీ మళ్ళీ అదే.

అక్క భుజం మీద దొర కుచ్చు నిటారుగా లేచింది. పిచ్చెత్తినట్టు అదే ఈల వేస్తూ గుమ్మం దాటి ఎగిరి కారు అద్దం మీద వాలింది. అక్కణ్ణుంచి ప్రతిమ నెత్తి మీదికి, నెత్తి మీంచి భుజం మీదికి దూకి, ఆమె చెవి, బుగ్గ, పెదవి ముక్కుతో తడిమింది. ప్రతిమ ఆపుకోలేక, "చిన్నూ! నా చిన్నూ!" అని ఏడ్చేసింది.

రామలక్ష్మక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "నీ గుర్తు దానికెట్లుండాది పాపా?" అని అడిగింది. అప్పటికీ ఆమెకు అనుమానం రాలేదు, ఆశ్చర్యపోయి అడిగిందంతే. నాకే ఒళ్ళు మండిపోయింది.

"గుర్తేందక్కా? ఆ పక్షి వాళ్ళదే. ఆ ఈల వాళ్ళ కారుదే" అన్నాను.

నాగరాజ్ తేలు కుట్టిన దొంగలా కారు తలుపు పట్టుకొని నిలబడ్డాడు. ప్రతిమ వసారాలో కూర్చొని మొత్తం చెప్పింది. ఏడాదిన్నర కింద కొన్నారట. పక్షిని పంజరంలో పెట్టావా అని చిన్నమ్మ తిడుతుందని చెప్పలేదట. పొద్దున ఎనిమిదికి తాళం వేస్తే మళ్ళీ సాయంత్రం ఏడుకే తీసేవాళ్ళు. కారు వెనక్కి వచ్చి ఆ పాట వినపడితే మనుషులు వచ్చినట్టని దానికి తెలుసు. కొన్నాళ్ళకు ఈకలు పీక్కోసాగింది. అది అంటురోగమని ఇంటి ఓనర్ గొడవ పెట్టుకున్నాడు. అక్కడి డాక్టర్ మాత్రం, రోగం కాదు, ఒంటరితనం అని చెప్పాడు.

"నిన్ను అడుగుదామనుకున్యాను చిన్నమ్మా. పురుగులున్న ఇంట్లో ఈకలు పనికిరావని నువ్వు వద్దంటావని భయమయ్యింది. అందుకే సాయంత్రం తోట చివర వదిలిపెట్టి పోయినాము. పొద్దున్నే నువ్వు ఆకుకొస్తావని తెల్సు. నీ చేతిలో పడితే బతుకుతాదని నాకు నమ్మకం."

"ఆ రాత్రి ఏ కుక్కో పిల్లో ఎత్తుకొని పోయుంటే?" అన్నాను నేను.

అక్క వచ్చి ప్రతిమ ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"వదిలితివి. కష్టమొచ్చింది, దోవ తెలీలేదు, వదిలితివి. అది నేను ఓర్చుకుంటా పాపా. మర్నాడు నేను ఫోన్ చేసి మేత ఆపేస్తా, సున్నం చల్తా అంటి గదా. అప్పటికే డాక్టరు నీకు చెప్పేసుండాడు. అది జ్వరం కాదని నీకు తెల్సు. తెల్సి ఊఁ అంటివే?"

ప్రతిమ తల వంచుకుంది. "వద్దని చెప్తే నాకెట్ల తెల్సని అడుగుతావు గదా చిన్నమ్మా. నేనే వదిలిందని బయటపడతాది గదా" అంది.

"నీ పేరు చెడకుండా ఉండేకి నా చేత దాన్ని కాల్పిస్తివా?"

పొయ్యి మీద ఎసరు పొంగిపోతున్నా ఎవరూ లేవలేదు.

"నాలుగు నెలలు" అంది అక్క. "నాలుగు నెలలు దాని రొమ్ము చూసి ఏడ్చినా, నేనే పాపం చేసినానని. రోజూ ఆరింటికి నీకే చెప్పుకొని ఏడ్చినా. నువ్వు వింటాంటివి. ఒక్కనాడన్నా నోరు తెరిచి, నీ తప్పు కాదు చిన్నమ్మా అనేకి నీకు నోరు రాలేదా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్యా గానీ, నేను పెంచిన పిల్లే లెక్కపెడతాదనుకోలేదు."

నాగరాజ్ అప్పుడు నోరు విప్పాడు. వాళ్ళమ్మ ఇప్పుడు తమతోనే ఉంటోందనీ, పొద్దంతా ఇంట్లో మనిషి ఉంటారనీ, అందుకే పక్షిని తీసుకుపోదామని వచ్చామనీ అన్నాడు.

"ఈకలొచ్చినాక" అంది అక్క. లేచి, ప్రతిమ భుజం మీంచి దొరను తీసుకోబోయింది. నాలుగు నెలల్లో ఒక్కసారీ కొరకని పక్షి ఆమె వేలు కొరికింది. రక్తం వచ్చింది. అయినా వదలకుండా రెండు చేతులతో పట్టుకొని, "ఇది ఇక్కడే ఉంటాది. మీరు బయలుదేరండి" అంది. ఆ ఇంటి నుంచి ప్రతిమ అన్నం తినకుండా పోవడం అదే మొదటిసారి. కారు మళ్ళీ ఆ పాట పాడుకుంటూనే సందులోంచి వెళ్ళింది.

అక్క చేసింది న్యాయమేనని నేను ఆ పూట ఊరంతా చెప్పాను. కానీ దొరకు మన న్యాయాలతో పనేముంది? అది పొద్దంతా వీధి గుమ్మం ముందు నేల మీద కూర్చొని ఈల వేసింది. మర్నాడూ వేసింది. భుజానికెక్కించుకుంటే దిగిపోయి మళ్ళీ గుమ్మం దగ్గరికే నడిచింది. నాలుగో నాడు పొద్దున అక్క గోడ మీదుగా చేయి చాపి నాకు చూపించింది. అరచేతిలో ఏడెనిమిది మెత్తటి ఈకలున్నాయి. రొమ్ము మధ్యలో పావలా అంత బోడి మచ్చ.

గోవిందప్పన్న అరుగు మీద కూర్చొని అన్నాడు, "పంపేద్దాం లక్ష్మీ. మన కోపానికి అదేంటికి బోడిదయ్యేది?"

"ఆ గడప తొక్కమంటావా నన్ను?"

"నేను పోతాలే."

"నీకు చెప్పేకి రాదు, మేత సంగతీ, స్నానం సంగతీ" అంది అక్క. లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి చీర మార్చుకొని ఉంది.

గంపకు వల కట్టి దొరను అందులో పెట్టుకొని, ఆ పూటకు పురుగుల్ని గోవిందప్పన్నకు వదిలేసి, మేమిద్దరం బయలుదేరాం. ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్లు తీసుకొని, బాగేపల్లిలో బస్సు మారి, చిక్కబళ్ళాపురం చేరి, నా ఫోన్లో ఉన్న అడ్రసు చూపి ఇల్లు పట్టుకునేటప్పటికి మధ్యాహ్నం దాటింది. ప్రతిమ ఆ రోజు ఆఫీసుకు పోలేదు. తలుపు తీసి మమ్మల్ని చూసి నిలువునా కొయ్యబారిపోయింది. లోపల సోఫాలో నాగరాజ్ వాళ్ళమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మనిషి ఉండటం నిజమేనని అక్క తన కళ్ళతో చూసుకుంది.

గుమ్మం బయటే నిలబడి గంప అందించింది. "కొర్రలు రాత్రే నానబెట్టాల. వారానికి రెండు నాళ్ళు మునగాకు. ఎండ వచ్చినాక స్నానం, మసకలో వద్దు. మనిషి కనపడతా ఉండాల" అని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. వల విప్పగానే దొర ప్రతిమ భుజం మీదికి ఎగిరి, కళ్ళు మూసుకొని, ఆమె మెడకు ఆనుకొని కూర్చుంది.

"లోపలికి రా చిన్నమ్మా. రోన్ని నీళ్ళన్నా తాగు."

"బస్సుండాది."

ప్రతిమ ఏడుస్తూ అంది, "నేను దాన్ని తోటలో పారేసి వచ్చినా. అయినా నన్ను చూస్తూనే ఎట్ల ఎగిరొచ్చిందో చూస్తివి గదా. దానికి నా మింద కోపమే లేదు. నీకు ఎన్నాళ్ళుంటాది చిన్నమ్మా?"

"అది పక్షి పాపా. నువ్వు ఊఁ అనింది అది విన్లేదు. నేను విన్యా."

అంతే. మెట్లు దిగేసింది. పైన దొర ఒక్కసారి ఈల వేసినా తలెత్తి చూడలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను కాచుకొని కూర్చున్నాను. ఏడవలేదు. ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకొని, దాని అంచున చిక్కుకున్న కొర్ర గింజల్ని ఒక్కొక్కటే గోటితో తీసి కిటికీలోంచి వదులుతూ కూర్చుంది. నాకే కన్నీళ్ళు ఆగలేదు.

ఆరయింది. అక్క ఫోన్ మోగింది. పేరు చూసి, ఎత్తకుండా నా చేతికిచ్చింది.

"ఇల్లు చేరినాము, పురుగులకు ఆకు వేస్తాండాది అని చెప్పు."

"ఇంకా చాకవేలు గూడా రాలేదు గదక్కా."

"చెప్పు శశీ."

నేను ఫోన్ ఎత్తి, చేరినామని, ఆమె షెడ్డులో ఉందని చెప్పాను. ఇరవై ఏళ్ళలో రామలక్ష్మక్క ఆ పిల్లతో ఒక్క అబద్ధమూ ఆడి ఎరగదు. నేను పెట్టేశాక ఫోన్ తీసుకొని, అది పూర్తిగా ఆరిపోయేదాకా బటన్ నొక్కి పట్టుకుంది.